ప్రింటర్ బాగానే ఉంది, మరి పడిపోయిందెవరు? లైనక్స్‌లో ప్రింటింగ్ క్రాష్‌ని పట్టుకునే పద్ధతి

వరంగల్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ఈ ఎపిసోడ్ లైనక్స్‌లో ప్రింటింగ్ గురించి. "అన్నా, మా దగ్గర ఫోన్ తప్ప ఏం లేదు, ప్రింటర్‌తో మాకేం పని" అనుకుని స్క్రోల్ చేసేవాళ్లు కొంచెం ఆగండి. మీ ఫోన్‌లో స్కాన్ చేసిన ఒక్క పీడీఎఫ్, ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్‌ని రోజంతా పడుకోబెట్టగలదు. ఎట్లనో చూద్దాం.

ముందు ఒక పాత ముచ్చట. 2018 ఫిబ్రవరి. నేను బీటెక్‌లో ఉన్నా. అప్పుడు ప్రపంచం మొత్తం ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది గుర్తుందా? "జ్ఞా". మామూలుగా మనం "జ్ఞాపకం" అని టైప్ చేస్తే ఏమీ కాదు. కానీ ఞ ఒత్తుకీ దీర్ఘానికీ మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్ ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది పడితే ఐఫోన్‌లో, మ్యాక్‌లో ఆ అక్షరాన్ని గీయాల్సిన ప్రోగ్రామ్ కుప్పకూలేది. మెసేజ్ వచ్చిన యాప్ తెరిస్తే మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది.

ఇందులో అందరూ అక్షరం గురించే మాట్లాడారు కానీ, నాకు నచ్చిన విషయం వేరే. యాప్‌ని మూసి మళ్లీ తెరిచినా లాభం లేదు. ఎందుకంటే ఆ మెసేజ్ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. తెరవగానే మళ్లీ దాన్నే చదువుతుంది, మళ్లీ పడిపోతుంది. అప్పట్లో జనం కనిపెట్టిన చిట్కా ఏంటంటే, ఇంకో ఫ్రెండ్‌తో అదే చాట్‌లోకి మామూలు మెసేజ్ పెట్టించుకోవడం. ప్రివ్యూలో కొత్త మెసేజ్ వస్తుంది, యాప్ తెరుచుకుంటుంది, అప్పుడు ఆ చాట్ మొత్తం డిలీట్ చేయడం. అంటే రిపేర్ చేసింది యాప్‌ని కాదు, దాని ముందున్న ఆ ఒక్క ముద్దని తీసేశారు. లైనక్స్‌లో ప్రింటింగ్ క్రాష్‌లు చాలావరకు ఇదే పద్ధతిలో ఉంటాయి.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తా. లైనక్స్‌లో, మ్యాక్‌లో ప్రింటింగ్ చూసుకునేది కప్స్ అనే వ్యవస్థ. పూర్తి పేరు కామన్ యూనిక్స్ ప్రింటింగ్ సిస్టమ్. మైఖేల్ స్వీట్ అనే ఆయన 1997లో మొదలుపెట్టారు, 1999లో బయటికొచ్చింది. 2002లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.2లోకి వెళ్లింది. 2007లో ఆపిల్ ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుని, కోడ్ కూడా కొనేసింది. 2019 చివర్లో ఆయన ఆపిల్ నుంచి బయటికొచ్చాక, లైనక్స్ వైపు పని ఇప్పుడు ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందం దగ్గర నడుస్తోంది. చరిత్ర ఇక్కడికి చాలు.

కప్స్ అంటే ఒకే ప్రోగ్రామ్ అనుకుంటారు. కాదు. నక్కలగుట్టలోనో నయీంనగర్‌లోనో ఏదైనా టిఫిన్ సెంటర్‌ని ఊహించుకోండి. కౌంటర్ దగ్గర ఒకాయన టోకెన్లు రాస్తాడు. లోపల ఒకాయన పిండి రుబ్బుతాడు, ఇంకొకాయన దోసె పోస్తాడు, ఒక పిల్లాడు ప్లేటు తెచ్చి టేబుల్ మీద పెడతాడు. మీకు దోసె రాలేదు. తప్పెవరిది? బయట కూర్చున్న మీకు తెలిసేది "దోసె రాలేదు" అన్న ఒక్క ముక్కే.

కప్స్‌లో టోకెన్ రాసేవాడు కప్స్‌డీ, అంటే ఎప్పుడూ వెనకాల నడుస్తూ ఉండే సర్వీస్. ప్రింట్ నొక్కగానే మీ ఫైలుని తీసుకుని, ఒక జాబ్ నంబర్ ఇచ్చి, క్యూలో పెడుతుంది. ఆ తర్వాత ఫిల్టర్లు. పీడీఎఫ్‌ని సరిచేసేది ఒకటి, దాన్ని చుక్కలుగా మార్చేది ఒకటి (చాలాసార్లు ఇక్కడ గోస్ట్‌స్క్రిప్ట్ పనిచేస్తుంది), ఆ చుక్కల్ని మీ ప్రింటర్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చేది ఇంకోటి. చివర్లో బ్యాకెండ్. యూఎస్‌బీ వైరు మీదో వైఫై మీదో డేటాని మోసుకెళ్లేది అదే. ఇవన్నీ వేరువేరు ప్రోగ్రామ్‌లు. ఒకడు పడిపోతే మిగతావాళ్లు నిలబడే ఉంటారు. అందుకే "సీయూపీఎస్ క్రాష్ అయింది, మొత్తం తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్" అనే సలహా నాకు అస్సలు నచ్చదు. దోసె రాలేదని హోటల్ కూలగొట్టినట్టు ఉంటుంది.

సరే, కేసులోకి వెళ్దాం. మాకు తెలిసిన ఒక అక్క హనుమకొండలో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతుంది. పాత కంప్యూటర్, 2 జీబీ ర్యామ్. విండోస్ మోయలేకపోతోందని లైనక్స్ మింట్ వేసుకున్నారు. అడ్మిషన్ల సీజన్. పిల్లలు కాలేజీలో రిపోర్ట్ చేయడానికి ఆఖరి రోజు. సీట్ అలాట్‌మెంట్ ఆర్డర్, మెమో, టీసీ, క్యాస్ట్ సర్టిఫికెట్, అన్నీ ప్రింట్లు కావాలి. పొద్దున పదకొండుకి ఫోన్.

"తమ్ముడూ, ప్రింటర్ పోయింది. ఒక్క ప్రింట్ వస్తలేదు. కంప్యూటర్ గూడ మొత్తం ఆగిపోతుంది. స్విచ్ బంద్ చేసి మళ్ల ఆన్ చేస్తే రెండు నిమిషాలల్ల మళ్ల అదే కత. మెకానిక్‌ను అడిగితే ప్రింటర్ బోర్డు పోయిందంటున్నడు, ఐదు వేలయితయంట."

నేను వెళ్లేలోపు ఫోన్‌లోనే ఒక పని చెప్పా. "అక్కా, మీ ఫోన్ నుంచి నేరుగా ఆ ప్రింటర్‌కి వైఫై మీద ఒక పేజీ కొట్టి చూడండి." వచ్చింది. శుభ్రంగా వచ్చింది. అంటే ప్రింటర్ బాగుంది, బోర్డు బాగుంది, వైఫై బాగుంది. ఐదు వేలు మిగిలినట్టే.

ఈ ఒక్క చిట్కా గుర్తుపెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ప్రింట్ ఆప్షన్ ఉంటుంది. ఈ మధ్య వైఫై ప్రింటర్లు ఎక్కువశాతం ఐపీపీ అనే ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ మాట్లాడతాయి, ఫోన్లు కూడా అదే మాట్లాడతాయి. కాబట్టి ఫోన్‌తో ప్రింట్ వస్తే సగం అనుమానితులు బయటికి వెళ్లిపోయినట్టు. తప్పు కంప్యూటర్ లోపలే ఉంది. ఆ గంటసేపు అక్క పిల్లల పీడీఎఫ్‌లు తన ఫోన్‌కి పంపించుకుని అక్కడినుంచే ప్రింట్లు ఇచ్చింది కూడా. పని ఆగలేదు.

ఇక కంప్యూటర్ దగ్గరికి వద్దాం. స్క్రీన్ మీద చూపిస్తున్నా, చదువుతున్నవాళ్ల కోసం విడమరిచి కూడా చెప్తా. టెర్మినల్‌లో ఎల్‌పీస్టాట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ టీ. ఇది మొత్తం పరిస్థితి చెప్తుంది: కప్స్ నడుస్తోందా, ప్రింటర్ ఆగిపోయిందా, క్యూలో ఎన్ని జాబ్‌లున్నాయి. అక్క కంప్యూటర్‌లో వరుసగా పంతొమ్మిది జాబ్‌లు. మొదటిది పొద్దున తొమ్మిదిన్నరది. దాని వెనక మిగతా పద్దెనిమిది లైన్‌లో నిలబడి ఉన్నాయి.

జ్ఞా ముచ్చట గుర్తొచ్చిందా? కప్స్ జాబ్‌లని డిస్క్ మీద దాస్తుంది. వార్ లోపల స్పూల్, దాని లోపల కప్స్ అనే ఫోల్డర్. సగంలో కంప్యూటర్ ఆఫ్ చేస్తే, ఆన్ అవ్వగానే సగంలో ఉన్న జాబ్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. మామూలు రోజుల్లో ఇది మంచి గుణం, కరెంట్ పోయినా ప్రింట్ పోదు. కానీ కంప్యూటర్‌ని పడగొట్టింది ఆ జాబే అయితే? ఆన్ చేసిన ప్రతిసారీ మళ్లీ పడగొడుతుంది. అక్క పొద్దున్నుంచి ఆరుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసింది.

అయితే ముందు కప్స్‌ని ఆపాలి. ఇక్కడ ఒక మెలిక. సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కప్స్ అని కొడితే ఆగినట్టే ఆగి, ఎవరైనా తలుపు తట్టగానే మళ్లీ లేచి కూర్చుంటుంది. ఎందుకంటే పక్కన కప్స్ డాట్ సాకెట్, కప్స్ డాట్ పాత్ అని ఇద్దరు కాపలా ఉంటారు. మూడింటినీ కలిపి ఆపాలి. ఆపాక తీరిగ్గా లాగ్ చదువుకోవచ్చు.

లాగ్ అంటే భయపడొద్దు. వార్ లోపల లాగ్, దాని లోపల కప్స్, అందులో ఎర్రర్ అండర్‌స్కోర్ లాగ్ అనే ఫైలు. వేల లైన్లుంటాయి, అన్నీ చదవక్కర్లేదు. జాబ్‌కి సంబంధించిన ప్రతి లైన్లో బ్రాకెట్‌లో జాబ్ నంబర్ ఉంటుంది. మీ జాబ్ నంబర్ పట్టుకుని వెతకండి. వెతికేటప్పుడు చివరి ఎర్రర్‌ని కాదు, మొదటి ఎర్రర్‌ని చూడండి. వరుసలో ఒకడు పడితే, వాడికి డేటా అందిస్తున్నవాడు కూడా "నా పని పాడైంది" అని అరుస్తాడు. ఆ అరుపులు చూసి వాడి మీద పడితే రోజంతా పోతుంది.

అక్క కేసులో దొరికిన లైన్ సారాంశం ఇది: ఫలానా ఫిల్టర్, "క్రాష్డ్ ఆన్ సిగ్నల్ 9".

ఆ అంకె దగ్గర ఆగుదాం. అసలు కథంతా అక్కడే ఉంది. సిగ్నల్ 11 అని ఉంటే, ఆ ప్రోగ్రామ్ తనది కాని మెమరీలో చెయ్యి పెట్టిందని, కర్నెల్ దాన్ని బయటికి పంపిందని. ఆ ప్రోగ్రామ్‌లోనే బగ్ ఉంది. అప్‌డేట్ చెయ్యాలి, లేదంటే వేరే డ్రైవర్ వాడాలి. సిగ్నల్ 6 అంటే, లోపల లెక్క తప్పిందని ప్రోగ్రామ్ తనకు తానే ఆగిపోయిందని. "స్టాప్డ్ విత్ స్టేటస్ 1" అని ఉంటే అది క్రాషే కాదు. "ఈ పని నావల్ల కాదు" అని చెప్పి మర్యాదగా వెళ్లిపోయింది. పై లైన్లలో కారణం కూడా చెప్పి ఉంటుంది. సిగ్నల్ 9 వీటన్నిటికీ వేరు. అది చావు కాదు, హత్య. బయటినుంచి ఎవరో చంపారు. మనుషులెవరూ చంపలేదంటే, అనుమానం కర్నెల్ మీదే. మెమరీ మొత్తం నిండిపోయినప్పుడు సిస్టమ్‌ని బతికించడానికి ఒక ప్రోగ్రామ్‌ని బలి ఇస్తుంది. దాన్ని ఓఓఎం కిల్లర్ అంటారు. డీమెసేజ్ అనే కమాండ్ కొడితే (అక్షరాలు డీ, ఎం, ఈ, ఎస్, జీ) "అవుట్ ఆఫ్ మెమరీ" అని సాక్ష్యం దొరుకుతుంది. మాకూ దొరికింది.

ఒక్క పేజీ ప్రింట్‌కి 2 జీబీ ఎలా నిండింది? ఇక్కడే మీ ఫోన్ వస్తుంది. ఆ మొదటి జాబ్ ఒక అబ్బాయి మెమో. ఫోన్‌తో ఫొటో తీసి, ఏదో యాప్‌తో పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపాడు. పీడీఎఫ్‌ఇన్ఫో అనే కమాండ్‌తో దాన్ని చూశాం. ఏ4 కాగితం అంటే పీడీఎఫ్ లెక్కలో 595 పాయింట్లు బై 842 పాయింట్లు. వీడి పేజీ 3000 బై 4000. ఆ యాప్ ఫొటోలోని ఒక్కో పిక్సెల్‌ని ఒక్కో పాయింట్ అని రాసేసింది. అంగుళానికి 72 పాయింట్లు. లెక్కేయండి: వెడల్పు దాదాపు 42 అంగుళాలు, పొడవు దాదాపు 56 అంగుళాలు. మెమో కాదది, గోడకి కట్టే ఫ్లెక్సీ.

ఇప్పుడు ఫిల్టర్ దాన్ని 600 డీపీఐలో చుక్కలుగా మార్చబోయింది. అంటే అంగుళానికి 600 చుక్కలు. 25,000 బై 33,333. సుమారు 83 కోట్ల చుక్కలు. రంగుల్లో ఒక్కో చుక్కకి 3 బైట్లు వేసుకుంటే 250 కోట్ల బైట్లు, అంటే 2.5 జీబీ. ఉన్న ర్యామే 2 జీబీ. అదే ఏ4 సైజులో ఉంటే దాదాపు 104 ఎంబీతో అయిపోయేది. ముందే ఏ4కి కుదించే ఏర్పాటు ఉన్న సిస్టమ్‌లో ఈ గొడవ రాదు. ఆ సెటప్‌లో అది లేదు.

క్యాన్సిల్ అనే కమాండ్‌తో ఆ ఒక్క జాబ్‌ని తీసేశాం. దానికోసం కప్స్‌ని మళ్లీ లేపాలి కాబట్టి, ముందే ప్రింటర్‌ని డిజేబుల్ చేసి పెట్టా, లేపగానే పరిగెత్తకుండా. తీసేశాక ఎనేబుల్ చేస్తే పద్దెనిమిది జాబ్‌లూ టకటకా వచ్చేశాయి. వాటిలో కొన్ని పిల్లలు అప్పటికే తీసుకున్నవే. కాగితాలు కొంచెం వేస్ట్, అంతే. ఆ అబ్బాయి మెమోని ఏ4కి మార్చి ప్రింట్ ఇచ్చాం. మధ్యాహ్నం రెండు లోపే వాడు కాలేజీకి వెళ్లిపోయాడు.

మళ్లీ ఇట్ల కాకుండా రెండు పనులు చేశాం. ప్రింటర్ సెట్టింగ్‌లో ఎర్రర్ పాలసీ అని ఒకటుంటుంది. ఒక జాబ్ ఫెయిలైతే మొత్తం ప్రింటర్‌ని ఆపాలా, మళ్లీ ప్రయత్నించాలా, ఆ జాబ్‌ని వదిలేసి ముందుకెళ్లాలా అని. దుకాణానికి మూడోదే మంచిది, అబార్ట్ జాబ్. ఇంట్లో అయితే నేనంత గట్టిగా చెప్పను. రెండోది, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ని తెరిచి ప్రాపర్టీస్‌లో పేపర్ సైజు చూడటం. అక్క ఇప్పుడు అలవాటుగా చూస్తుంది. మీరు ఫోన్‌లో స్కాన్ చేసేటప్పుడు కూడా యాప్ సెట్టింగ్‌లో పేజ్ సైజ్ ఏ4 అని పెట్టండి, చాలు.

అన్ని కేసులూ ఇదే కాదు కదా. టెస్ట్ పేజీ వస్తూ ఒక ఫైలు మాత్రమే రాకపోతే తప్పు ఫైలుది. టెస్ట్ పేజీ కూడా రాకపోతే డ్రైవర్‌నో దారినో అనుమానించండి. మన దగ్గర జిరాక్స్ షాపుల్లో బాగా కనపడే క్యానన్ ఎల్‌బీపీ 2900 తీసుకోండి. దానికి పోస్ట్‌స్క్రిప్ట్ రాదు, పీసీఎల్ రాదు. కంపెనీ సొంత భాష ఉంది, క్యాప్ట్ అని. దాని పాత లైనక్స్ డ్రైవర్‌లో కప్స్ పక్కన సీసీపీడీ అని ఇంకో సర్వీస్ కూడా నడుస్తూ ఉండాలి. కప్స్ నిలబడే ఉంటుంది, ఇది పడిపోతే ప్రింట్ రాదు. అలాంటి పాత డ్రైవర్లలో ఇంకో తమాషా: ఫైలు కళ్లముందే ఉంటుంది, సిస్టమ్ మాత్రం "నో సచ్ ఫైల్" అంటుంది. ఆ ప్రోగ్రామ్ 32 బిట్‌ది, మీ సిస్టమ్ 64 బిట్‌ది, దాన్ని నడిపే లైబ్రరీలు లేవు. లేదని చెప్తున్నది వాటి గురించి. ఉబుంటులో అయితే యాప్ఆర్మర్ కూడా అడ్డుపడొచ్చు, కంపెనీ ఫిల్టర్ తనకు తెలియని చోటు నుంచి ఏదైనా చదవబోతే. డీమెసేజ్‌లో "డినైడ్" అని కనపడుతుంది. ఇంకా సింపుల్‌ది, డిస్క్ నిండిపోవడం. డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టి చూడండి.

తమాషా అంటే గుర్తొచ్చింది. 2009 ప్రాంతంలో ఉబుంటు వాళ్లకి ఒక కంప్లైంట్ వచ్చింది: ఓపెన్ ఆఫీస్ నుంచి మంగళవారం ప్రింట్ రాదు. నిజంగానే! ఒకాయనకి వాళ్ల భార్య చెప్పింది, ఆయన నమ్మలేదు, ఆమె చేసి చూపించింది. మా నాయనమ్మ అయితే "మంగళవారం కొత్త పని పెట్టుకోవద్దని ఎప్పుడో చెప్పిన గద" అనేది. కారణం ఏంటంటే, ప్రింట్ ఫైలు మొదట్లో తయారైన తేదీ ఉంటుంది, ఆంగ్లంలో ట్యూస్‌డేకి మూడక్షరాల పొట్టి పేరుతో. ఫైలు ఏ రకమో గుర్తుపట్టే యుటిలిటీలో ఒక నియమం తప్పుగా రాశారు. ఆ మూడక్షరాలు చూసి అది ఎర్లాంగ్ అనే వేరే భాష ఫైలు అనుకునేది. ప్రింట్ ఫైలే కాదనుకుంటే ప్రింట్ ఎలా వస్తుంది? కాబట్టి మీ కస్టమర్ "ఫలానా టైంలోనే రాదు", "ఫలానా ఫైలే రాదు" అని ఏదైనా వింతగా చెప్తే నవ్వి వదిలేయకండి, రాసిపెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం, సెంటర్ నడిపేవాళ్లకి. స్పూల్ ఫోల్డర్ అన్నాను కదా. ప్రింట్ అయిపోయాక కూడా కప్స్ మామూలు సెట్టింగ్‌లో ఆ ఫైళ్లని 86,400 సెకన్లు, అంటే ఒక రోజంతా ఉంచుతుంది. జనాల ఆధార్, పాన్, మెమోలు అందులో ఉంటాయి. క్రాష్‌ని పరిశీలించడానికి ఆ కాపీ మనకి పనికొచ్చింది నిజమే. కానీ "అన్నా, ఈ ఫైలు ప్రింట్ అవ్వట్లేదు" అని ఎవరికైనా పంపేముందు, అందులో ఎవరి ఆధార్ ఉందో చూసుకోండి. క్యాన్సిల్ కమాండ్‌కి హైఫన్ ఎక్స్ కలిపితే జాబ్‌తో పాటు ఆ ఫైలు కూడా పోతుంది. కాన్ఫిగరేషన్‌లో ప్రిజర్వ్ జాబ్ ఫైల్స్ అనే సెట్టింగ్‌ని "నో" అని మార్చుకోవచ్చు. నేనైతే సెంటర్లకి అదే చెప్తా.

అప్‌డేట్లు కూడా ఆపకండి. 2024 సెప్టెంబర్‌లో సిమోనె మార్గరిటెల్లి అనే సెక్యూరిటీ రీసెర్చర్ బయటపెట్టారు: కప్స్ బ్రౌజ్‌డీ అనే భాగం 631 పోర్ట్ మీద ఎవరు ఏం చెప్పినా నమ్మి, దొంగ ప్రింటర్‌ని కూడా లిస్ట్‌లో చేర్చేది. దానికి ఎవరైనా ప్రింట్ ఇస్తే అవతలివాడి కమాండ్ మీ కంప్యూటర్‌లో నడిచేది. దానికి ప్యాచ్‌లు వచ్చేశాయి, పాత సిస్టమ్ అలాగే వాడుతుంటే మీకు రానట్టే. నెట్‌వర్క్‌లో కొత్త ప్రింటర్లని వెతకాల్సిన అవసరం లేకపోతే ఆ సర్వీస్‌నే ఆపేయొచ్చు.

లాగ్‌లో సరిపడా సమాచారం దొరక్కపోతే ఏం చేయాలి? కప్స్‌సీటీఎల్ కొట్టి, రెండు హైఫన్లు, డీబగ్ హైఫన్ లాగింగ్. అప్పుడు ప్రతి అడుగూ రాస్తుంది. ఫెయిలయ్యే ఫైలుని ఒక్కసారి ప్రింట్ ఇవ్వండి, ఆ జాబ్ నంబర్ లైన్లు మాత్రం కాపీ చేసుకోండి. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పంపకండి బాబూ, సగం లైన్ తెగిపోతుంది, వెతకడానికి రాదు. టెక్స్ట్‌గానే పంపండి. కామెంట్లలో పెట్టేముందు యూజర్ పేరు, ఫైలు పేరు తీసేయండి. పని అయ్యాక అదే కమాండ్‌ని "నో" చేర్చి, నో హైఫన్ డీబగ్ హైఫన్ లాగింగ్ అని కొట్టి ఆఫ్ చేయండి. లేకపోతే రెండు నెలల తర్వాత డిస్క్ నిండిపోయి, మళ్లీ నాకే ఫోన్ చేస్తారు.

ఉంటా మరి.